మీదే ఊరు?

"మీదే ఊరు?"

"మంగళగిరి."

"అది కాదండీ, అసలు ఊరు?"

ఈ 'అసలు' అనే మాట నలభై ఏళ్ళుగా నా వెంట పడుతోంది. న్యూస్ డెస్క్‌లో రాత్రి షిఫ్టు. టీ తాగుతూ, నవ్వుతూనే అడుగుతారు. పైగా మెచ్చుకోలు: "సాయిబులయ్యుండి ఎంత చక్కటి తెలుగండీ!" మా ఊరి మగ్గం మీద నేసే చీర అంచుకి నిజాం బార్డర్ అని పేరు. ఆ చీర కట్టుకుని ఆడవాళ్ళు గాలిగోపురం కింద నుంచి గుళ్ళోకి వెళ్తారు. ఆ అంచుని నీ అసలు ఊరేదని ఎవరూ అడగరు. నన్నడుగుతారు.

ఆ విసుగుతోనే ఒక మార్చి నెలలో హైదరాబాద్ బస్సెక్కాను. గోల్కొండలో నయా ఖిల్లా తోట చూడాలని. 1656లో మొగలు సైన్యం మీదికొచ్చాక, శత్రువుకి కలిసొచ్చే ఎత్తు నేలని అబ్దుల్లా కుతుబ్‌షా గోడ కట్టించి కోటలో కలుపుకున్నాడు. ఆ గోడ లోపలే కుతుబ్‌షాహీల తోట. 1687లో కోట ఔరంగజేబు చేజిక్కింది. తోట మట్టికింద పడిపోయింది. 2014 ప్రాంతంలో పురావస్తు శాఖ తవ్వితే నీటి కాలువలు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి.

పక్కన గోల్ఫ్ మైదానం పచ్చగా ఉంది. తోట మాత్రం ఎండిపోయింది. గులాబీల్లేవు, ఫౌంటెన్ల నీళ్ళు లేవు. నేలమీద కాలువల గీతలే. అక్కడ ఉంది హాతియాన్ కా ఝాడ్. ఏనుగంత చెట్టు కాదు, ఏనుగుల గుంపంత చెట్టు. ఒక్క ఆకు లేదు. బూడిదరంగు బెరడు ముడతలు పడి ఉంది. బావొబాబ్ అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా. నాలుగొందల ఏళ్ళ కింద ఫకీర్లో, అరబ్బు వర్తకులో తెచ్చారని చెప్పుకుంటారు. దాని తొర్రలో నలభై మంది దొంగలు దాక్కునేవారని ఓ కథ.

అక్కడి కాపలా పెద్దాయన నా ఉర్దూ విని నవ్వాడు. "ఆంధ్రా కే హై క్యా మియా?" మంగళగిరిలో నా తెలుగు వింత. గోల్కొండలో నా ఉర్దూ వింత.

జూలైలో మళ్ళీ వెళ్ళాను. వానలు పడ్డాయి. గీతలన్నీ మళ్ళీ కాలువలయ్యాయి. చెట్టునిండా చేతివేళ్ళలా విచ్చుకున్న ఆకులు. రాత్రి పూసిన తెల్లటి పూలు పొద్దుటికే రాలి గోధుమరంగుకి తిరుగుతున్నాయి. ఇంటికొచ్చి ఒక వ్యాసం రాశాను. పరాయిదేశపు చెట్టు మన వారసత్వమైనప్పుడు మనిషెందుకు కాడని. ఆదివారం పేజీలో వచ్చింది. డెస్క్‌లో భుజం తట్టారు.

జనవరిలో మా అమ్మాయిని తీసుకెళ్ళాను. తొమ్మిదో తరగతి. ఆకు రాలిపోయింది. పొడవాటి కాడలకి కాయలు వేలాడుతున్నాయి. అది చెట్టు చుట్టూ తిరిగొచ్చి అడిగింది.

"అబ్బా, ఇది ఆఫ్రికా నుంచి వచ్చింది. మరి మనం?"

"ఎక్కణ్ణుంచీ రాలేదమ్మా. మా నానమ్మ వాళ్ళు ఇక్కడి దూదేకులోళ్ళు."

"మరి మనల్ని చెట్టుతో ఎందుకు పోల్చావ్?"

నాకు జవాబు దొరకలేదు.

తాత విల్లుతో దూది ఏకితే నానమ్మ పరుపులు కుట్టేది. ఇద్దరికీ ఉర్దూ రాదు. నానమ్మ దువా కూడా తెలుగులోనే. "అల్లా, పిల్లల్ని సల్లగా సూడు." ఉర్దూ మా ఇంటికి అమ్మీతో వచ్చింది. వాళ్ళకి ఉర్దూ రాదు, దూదేకులోళ్ళతో సంబంధమేమిటని అమ్మీ పుట్టింటివాళ్ళు ముఖం చిట్లించారట. ఆ చిట్లింపు నాకూ అంటుకుంది. అంత వ్యాసంలో నవాబుల తోట ఉంది, నానమ్మ లేదు. నా జాతికి ఘనత చూపించాలనుకున్నప్పుడు నాకు కోటలే గుర్తొచ్చాయి. దూది నుసి పట్టిన నానమ్మ జుట్టు గుర్తు రాలేదు. అడిగేవాళ్ళు నన్ను బయట నిలబెట్టారు. నేను నానమ్మని నిలబెట్టాను.

అయితే నానమ్మని సాక్ష్యం చూపించి 'నేను ఇక్కడివాణ్ణే' అంటే సరిపోతుందా? అప్పుడు ఓడ దిగినవాడి మునిమనవడి సంగతేమిటి? వాడూ ఈ నీళ్ళే తాగాడు, వాడి పెద్దలూ ఈ మట్టిలోనే ఉన్నారు. ఎవరు ముందొచ్చారన్న లెక్క మొదలుపెడితే ఈ దేశంలో ఎందరు మిగులుతారు?

మొన్న రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు.

"సార్, మీదే ఊరు?"

"మంగళగిరి."

"అసలు?"

"మంగళగిరే. మా నానమ్మ పరుపులు కుట్టేది. మీ నానమ్మ ఏం చేసేది?"

వాడు కాసేపు ఆలోచించాడు. తనకి తెలీదన్నాడు. ఇంటికి ఫోన్ చేసి అడుగుతానన్నాడు.