తరుగు లెక్క ఎవరు చూస్తారండీ?

బెజవాడ గవర్నర్‌పేటలో నగల కొట్టుకు వెళ్లి బిల్లు చేతికొచ్చాక మీరేం చూస్తారు? అడుగున మొత్తం చూస్తారు. ఈసారి కాస్త పైకి కూడా చూడండి. బరువు, తరుగు, రేటు, ఆపైన 3 శాతం జీఎస్టీ. వీటన్నిటినీ కలిపే సూత్రం ఒకటి కొట్లో కంప్యూటర్లో ఉంటుంది. నా తపనంతా ఆ సూత్రం గురించే.

అక్షయ తృతీయ వస్తోందనుకోండి. యజమాని తరుగులో కొంత తగ్గిద్దామనుకుంటాడు. సూత్రం ప్రోగ్రాం లోపలే ఇరుక్కుని ఉంటే ఆ చిన్న మార్పుకీ సాఫ్ట్‌వేర్ కుర్రాడి కోసం ఎదురుచూడాలి. అలా కాకుండా జీఎస్టీకి ముందటి లెక్కని యజమానే ఒక గడిలో టైపు చేసుకోగలగాలి: (బరువు + బరువు × తరుగు / 100) × రేటు. కంప్యూటర్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి లెండి.

ఇందులో ఏముందీ అంటారా? పది గ్రాముల గొలుసు, 8 శాతం తరుగు, లెక్క తేలిగ్గా ఉండేందుకు గ్రాము పదివేలు అనుకుందాం. పద్ధతిగా చేస్తే 10.8 గ్రాములు, 1,08,000 రూపాయలు. అదే మామూలు క్యాలిక్యులేటర్ మీద వరసగా నొక్కుకుంటూ పోండి. పదీ పదీ ఇరవై, ఎనిమిదితో హెచ్చవేస్తే నూట అరవై, వందతో భాగిస్తే 1.6. గొలుసు పదహారు వేలకే పోయింది!

ఏది ముందు చేయాలో తేల్చే ఉపాయం 1961లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా చెప్పాడు. దాని పేరే షంటింగ్ యార్డ్. రైల్వే జంక్షన్ పక్కనే కాపురం ఉండే బెజవాడ వాళ్లకి ఇది విడమరిచి చెప్పాలా? అంకె వస్తే నేరుగా వదిలేస్తారు. గుర్తు వస్తే పక్క లైన్లో ఆపుతారు. బ్రాకెట్లోని 10 + 10 × 8 / 100 తీసుకోండి. కూడిక ఆగి ఉండగా గుణకారం వస్తే దాని వెనకే ఆగుతుంది. భాగహారం రాగానే, సమాన హోదా కనుక, గుణకారం ముందు కదులుతుంది. చివరికి మిగిలినవి, ఆఖర్న ఆగింది ముందుగా, బయటికొస్తాయి: 10 10 8 × 100 / +. ఇక ఎడమ నుంచి చేసుకుపోవడమే, బ్రాకెట్లతో పనే లేదు.

ఇదంతా మీరు కూర్చుని రాయక్కర్లేదు. సీ భాషకి టైనీఎక్స్‌ప్ర్ అనే చిన్న లైబ్రరీ ఉంది, మొత్తం రెండే ఫైళ్లు. జావాకి ఎక్స్‌ప్4జే. సూత్రాన్ని ఒకసారి చదివించి పెట్టుకుంటే, బరువు, రేటు మార్చుకుంటూ ఎన్ని బిల్లులైనా తీయొచ్చు.

కొందరు ఆ గడిలో రాసినదాన్ని పైథాన్ భాషలోని ఇవాల్ ఫంక్షన్‌కి అప్పజెప్పేస్తారు. దయచేసి వద్దు. ఫైళ్లు చెరిపేసే ఆదేశం రాస్తే ఇవాల్ దాన్నీ పాటిస్తుంది. ఈ చిన్న లైబ్రరీలకి లెక్క తప్ప మరొకటి రాదు. నాకు వాటిమీద అంత నమ్మకం అందుకే.

పైసల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ లైబ్రరీలు దశాంశాల్ని కంప్యూటర్ పద్ధతిలో దాస్తాయి, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ప్రతి మెట్టులోనూ సరిచేస్తే తేడా పేరుకుంటుంది. మొత్తం తేలాక ఒక్కసారే పైసలకు సరిచేయండి.