మాత్రల చీటి

గడచిన యేడు నంగలి మందుల అంగడిలో రక్తపుపోటు మాత్రలకు బదులు మధుమేహపు మాత్రలు మాకిచ్చిరి. మేమును పేరు చదువక మ్రింగితిమి. నిత్యము పిల్లలచే అక్షరములు దిద్దించు పంతులమే! రక్తములో చక్కెర పడిపోయి తరగతిలోనే కూలితిమి. ముళబాగిలులో మూడు దినములు చికిత్స పొందితిమి.

తేరుకొని కోలారులో ఒక న్యాయవాదిని ఆశ్రయించితిమి. రుసుము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినదట. స్టిరాయిడు మోతాదు మించిన అనూరాధా సాహా కేసులో 2013లో సుమారు 6 కోట్ల రూపాయల పరిహారము విధించినదట. ఇంతయు చెప్పి ఆయన, "డాక్టరు చీటి, మాత్రల అట్ట, బిల్లు ఏవి?" అనిరి. అట్టను మేమే పొయ్యిలో వేసియుంటిమి! ఫిర్యాదుకు రెండేండ్ల గడువున్నదని వినిన పిదప ప్రాణము కుదుటపడెను. చీటికి నకలు డాక్టరుగారే ఇచ్చిరి. బిల్లు హాజరుపట్టీలో దొరకెను.