కుచ్చుల చెట్టు – పత్తి చెట్టు

బొమ్మల చలనచిత్రాలు పసిపిల్లల కాలక్షేపానికే అని మనలో పెక్కుమంది తలుస్తారు. కాని ‘లోరాక్స్’ అనే ఆంగ్ల చిత్రాన్ని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల విద్యార్థులు తప్పక చూడవలెనని నా అభిప్రాయం. అది అడవిని గురించిన కథగా పేరు పొందినా, నిజానికి ఒక వస్త్రాన్ని గురించిన కథ.

డాక్టర్ స్యూస్ అనే కలంపేరు గల అమెరికా రచయిత థియొడోర్ గైసెల్ 1971లో ఈ పుస్తకాన్ని ప్రకటించాడు. 2012లో అది పూర్తి నిడివి చిత్రమై వెలువడింది. వన్స్‌లర్ అనే యువకుడు ట్రఫ్యులా చెట్ల వనానికి వస్తాడు. ఆ చెట్ల తలలపై రంగురంగుల మెత్తని కుచ్చులుంటాయి. వాటితో అతడు ‘థ్నీడ్’ అనే వస్త్రాన్ని అల్లి అమ్ముతాడు. చెట్ల పక్షాన మాట్లాడే లోరాక్స్ అనే వింతజీవి వారించగా, ఇక చెట్టు నరకనని మాట ఇస్తాడు. చేతితో కుచ్చులు కోయడం ఆలస్యమని ఇంటివారు తొందరపెట్టేసరికి ఆ మాట గాలికి పోతుంది. చివరి చెట్టుతోపాటు వ్యాపారమూ కూలుతుంది. పిదప ఆ ఊరివారు ప్లాస్టిక్ చెట్ల నడుమ, సీసాలలో గాలి కొనుక్కొని బ్రతుకుతారు.

మాది దూదేకులవారి కుటుంబం. మా తాతగారు దూదేకు విల్లు భుజాన వేసుకొని పల్లెపల్లె తిరిగి పరుపులకు దూది ఏకేవారు. అందుచేతనేమో, తెరపై ఆ కుచ్చులు కనబడగానే నా ప్రక్కన కూర్చున్న తమ్ముడు, “అక్కా, ఇది మన పత్తి చెట్టే కదా?” అన్నాడు. వాడి మాట నన్ను ఆలోచింపజేసింది. మా అమ్మ పత్తి తీతకు పోతుంది. కాయలన్నీ ఒకేసారి పగలవు గనుక ఒకే చేనులో మూడు నాలుగు తీతలు తప్పవు. పంట ముగిసిన పిమ్మట కట్టెను పీకివేస్తామన్నది నిజమే. మరుసటి ఏడు మళ్లీ విత్తనం పడుతుంది. వన్స్‌లర్ చేసిన దోషం వస్త్రం అల్లడం కాదు, మలితీతకు ఆగకపోవడం.

బట్ట నేసి బ్రతకడం మనకు క్రొత్తదా? 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. అచట నేతగాళ్లే సభ్యులు. వన్స్‌లర్ కర్మాగారంలో అతని మాటకు ఎదురు చెప్పగల సభ్యుడొక్కడూ లేడు.

ఈ చిత్రంపై నాకు ఫిర్యాదులూ లేకపోలేదు. ఇంతటి నీతి చెప్పిన లోరాక్స్‌ను అమెరికాలో ఒక మోటారు కారు ప్రకటనకు వాడుకొన్నారు! పుస్తకం చివర ఒక బాలుని చేతికి చిట్టచివరి విత్తనం దక్కడంతో కథ ఆగుతుంది. చిత్రంలో ఊరంతా చేరి పాటలు పాడుతుంది. నాకు ఆ మౌనమే నచ్చింది.

చెట్లు నశించినపుడు వన్స్‌లర్ బంధువులు బండి ఎక్కి వెళ్లిపోతారు. వనంలోని ప్రాణులు మాత్రం తిండి లేక, కాలినడకన వరుసగా తరలిపోతాయి. వానలు మొగం చాటేసిన ఏడు ఆదోని, కోసిగి, కౌతాళం పల్లెలనుండి కూలీలు పిల్లాపాపలతో మిరప, పత్తి పనులకు వలస పోవడం మనమెరిగినదే. అట్టి దినాలలో మా తమ్ముని తరగతిలో సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఆ ప్రాణుల వరుసను వాడు రెప్పవేయక చూచి, మెల్లగా నన్నడిగాడు:

“వీళ్లు గుంటూరికి పోతాండారా అక్కా?”