ర్యామ్ మామయ్య

మా చుట్టాల్లో ఎవరింట్లోనైనా పిల్లలు ఇంటర్ గట్టెక్కారంటే, ఆ వారంలో నాకు ఫోన్ రావడం ఖాయం. కుశల ప్రశ్నలు రెండు నిమిషాలు. ఆ తర్వాత అసలు సంగతి... ‘‘ఒరేయ్, మావాడికి లాప్‌టాప్ కొనాలి. ఏది మంచిదంటావ్?’’

నేనేమీ కంప్యూటర్ ఇంజినీర్ని కాను. బ్యాంకులో గుమాస్తాని. కానీ పాతికేళ్లుగా కంప్యూటర్లు విప్పడం, బిగించడం నాకో పిచ్చి. రెండో శనివారం సెలవొస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తేల్తాను. కొనేదేమీ ఉండదు. కొత్త ప్రాసెసర్లు ఏమొచ్చాయి, మెమరీ రేటు ఎంతుంది అని నాలుగు షాపులు తిరిగి, చాయ్ తాగి ఇంటికొస్తాను. అందుకే పిల్లలు నాకు ‘ర్యామ్ మామయ్య’ అని పేరు పెట్టారు. వినడానికి సరదాగానే ఉంటుంది కానీ, ఆ పేరు నాకు ఊరికే రాలేదు. రెండు తప్పులు చేసి మరీ సంపాదించుకున్నాను.

మొదటి తప్పు 2002లో. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నా. నాన్న మండల పరిషత్ స్కూల్లో టీచరు. నా పోరు పడలేక జీపీఎఫ్ లోను పెట్టి 38 వేలు చేతిలో పెట్టారు. షాపతను రెండు కొటేషన్లు రాసిచ్చాడు. ఒకదాంట్లో 1.3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. రెండోదాంట్లో 1.6 గిగాహెర్ట్జ్, 128 ఎంబీ ర్యామ్. ‘‘మొదటిది తీస్కో తమ్ముడూ, హాయిగా పన్జేస్తది’’ అన్నాడు. నేను వింటేనా! హాస్టల్లో ఎవరికీ 1.6 లేదు. అది చాలు నాకు.

ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టి ఆన్ చేశాం. వారానికే అసలు రంగు బయటపడింది. విండోస్ ఎక్స్‌పీ లేవడానికే బోలెడంత సమయం. రెండు పనులు ఒకేసారి తెరిస్తే హార్డ్‌డిస్కు గరగరమంటూ గింజుకునేది. నాన్న ప్రశ్నపత్రాలు టైపు చేసుకుందామని బటన్ నొక్కి, వంటింట్లోకెళ్లి కాఫీ తాగి వచ్చేవారు. అప్పటికీ తెర మీద ఆ గంట గుర్తు తిరుగుతూనే ఉండేది. ఒక్కరోజు కూడా నన్ను ఏమీ అనలేదు. జీతంలోంచి లోను కోత మాత్రం మూడేళ్లు నడిచింది.

ఏం జరిగిందో నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. కంప్యూటర్ని పెళ్లి వంటశాల అనుకోండి. ప్రాసెసర్ వంటమాస్టరు. ర్యామ్ ఆయన ముందున్న గట్టు. హార్డ్‌డిస్కు దూరంగా ఉన్న స్టోర్‌రూము. గట్టు విశాలంగా ఉంటే కూరలు, పప్పులు, మసాలాలు అన్నీ చేతికందుతాయి. గట్టు ఇరుకైతే మాస్టరు ఎంత మొనగాడైనా ప్రతిదానికీ స్టోర్‌రూముకి పరిగెత్తాల్సిందే. నేను చేసిందదే. గొప్ప మాస్టరుని తెచ్చి పీట మీద వంట చేయమన్నాను.

ఇక గిగాహెర్ట్జ్ అంటారా... అది మాస్టరు సెకనుకి గరిటె ఎన్నిసార్లు తిప్పుతాడన్న లెక్క. ఒక్కో తిప్పుకి ఎంత పని అవుతుందో అది చెప్పదు. 2000లో పెంటియం 4 వచ్చాక ఈ అంకెల పందెం జోరందుకుంది. 2001లో ఏఎండీ తన అథ్లాన్ ఎక్స్‌పీలకు 1600+, 1800+ అని పేర్లు పెట్టింది. 1600+ అసలు వేగం 1.4 గిగాహెర్ట్జే. గరిటె తక్కువసార్లు తిప్పినా పని ఎక్కువ చేస్తుందని చెప్పుకోవడానికి ఆ అవస్థ! ఇంటెల్ కూడా 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తేవాలనుకుని, 2004లో ఆ ఆలోచన మానుకుంది. 2006లో కోర్ 2 డ్యుయో తక్కువ గిగాహెర్ట్జ్‌తోనే పెంటియం 4 కంటే ఎక్కువ పని చేసి చూపించింది. నా 1.6 మోజుకి అప్పుడు నాకే నవ్వొచ్చింది.

ఒక తప్పుతో బుద్ధొచ్చిందనుకున్నా. రాలేదు. రెండోది 2019లో చేశా.

ఖమ్మంలో ఉండే మా చెల్లెలి కొడుకు బీటెక్‌లో చేరాడు. బావ మెడికల్ షాపులో పనిచేస్తాడు. చెల్లెలు చీటీ పాడి 35 వేలు పంపింది. ‘‘నువ్వు చూసి కొను అన్నయ్యా, నాకేం తెలుసు’’ అంది. కొత్త తరం ప్రాసెసర్ ఉన్నది, సన్నగా పుస్తకంలా ఉన్నది చూసి కొనేశా. ర్యామ్ 4 జీబీ. ‘ఏముంది, తర్వాత ఇంకో 4 వేయిద్దాం’ అనుకున్నా.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఆన్‌లైన్ క్లాసు ఒకపక్క, ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేరు మరోపక్క తెరిస్తే లాప్‌టాప్ బిగుసుకుపోయేది. ప్రయాణాలకు అనుమతిచ్చాక వాడు హైదరాబాద్ తెచ్చాడు. స్క్రూడ్రైవర్‌తో వెనక మూత విప్పాను. ర్యామ్ పెట్టే స్లాట్ కోసం వెతికాను. లేదు. మెమరీ చిప్‌లను బోర్డుకే సోల్డరింగ్ చేసేశారు. 4 జీబీ అంటే చచ్చేదాకా 4 జీబీయే. కొనేముందు ఆ ఒక్క ప్రశ్న అడగనిది నేనే.

అలాగే నెట్టుకొచ్చాడు. ఫైనలియర్లో ఓ కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. కెమెరా ఆన్‌లో ఉండాలి, కోడ్ రాయాలి. సగంలో లాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ లేచేసరికి సమయం దాటిపోయింది. రాత్రి ఫోన్ చేసి ‘‘పర్లేదు మామయ్యా, ఇంకో కంపెనీ వస్తది’’ అన్నాడు. కొన్ని నెలలకు వాడికి వేరే ఉద్యోగం వచ్చింది కానీ, ఆ ‘పర్లేదు’ నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. తిట్టినా బాగుండేది. నాన్న మౌనం లాంటిదే అదీనూ.

అప్పట్నుంచి ఎవరడిగినా నేను లాప్‌టాప్ పేరు చెప్పడం మానేశాను. ఎదురు ప్రశ్నలేస్తాను. దేనికి వాడతారు? ఎన్నేళ్లు ఉండాలి? ర్యామ్ ఎంత, పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందా? పాతది కొంటుంటే విండోస్ 11 తీసుకుంటుందా? ఎందుకంటే విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

ఇంకో మాట కూడా చెబుతాను. స్టిక్కరు చూసి మోసపోవద్దని. ‘ఐ7’ అని ఉంటే చాలు, అదే గొప్పనుకుంటారు చాలామంది. ఏడో తరం ఐ7-7500యూలో ఉన్నవి రెండే కోర్లు. 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఐ5-8250యూలో నాలుగు. తమ్ముడే అన్నని మించాడన్నమాట. రైజెన్ 7000 వరసలోనైతే మూడో అంకె చూడాలి. 7520లో ఆ ‘2’ పాత జెన్ 2 డిజైన్‌ని చెబుతుంది. 7640లో ‘4’ అంటే జెన్ 4. పైకి రెండూ 7 తోనే మొదలవుతాయి!

2025లో మా మేనకోడలు కూడా బీటెక్‌లో చేరింది. కొనడం అటూఇటూ అయి డిసెంబరు వచ్చింది. అప్పటికి మెమరీ ధరలు మండిపోతున్నాయి. కృత్రిమ మేధ సర్వర్లకు మెమరీ విపరీతంగా కావాల్సి రావడంతో తయారీ కంపెనీలు అటు మళ్లాయి. మనలాంటివాళ్లకు క్రూషియల్ పేరుతో మెమరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటామని మైక్రాన్ ఆ నెలలోనే ప్రకటించింది. చెల్లెలు ఈసారీ చీటీ డబ్బే పంపింది. నేను మాత్రం ‘నువ్వూ రా తల్లీ’ అని పిల్లని వెంటబెట్టుకుని వెళ్లాను.

షాపతను మెరిసే పలుచటి మోడల్ ముందు పెట్టాడు. ‘‘ఐ7 మేడమ్, లేటెస్ట్’’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా పిల్ల అడిగేసింది: ‘‘అన్నా, ర్యామ్ సోల్డర్డా? స్లాట్ ఉందా?’’ అతను నావైపు చూశాడు. నేను సీలింగ్‌వైపు చూశా. చివరికి కాస్త లావుగా, బరువుగా ఉన్నా ఐ5తో 16 జీబీ ఉన్నది తీసుకుంది. లోపల ఇంకో స్లాట్ ఖాళీ. ధరలు దిగినప్పుడు తనే వేసుకుంటుందట.

రాత్రి ఊళ్లో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు 79. చెవులు సరిగ్గా వినపడవు. ‘‘పాపకి లాప్‌టాప్ కొన్నాం నాన్నా’’ అని గట్టిగా చెప్పా.

ఒక్క క్షణం ఆగి అడిగారు... ‘‘ఈసారి ర్యామ్ సరిపడా ఏయించావా?’’