తూటా ఎక్కడుంది?

సినిమాల్లో తూటా తీయడం ఎంత తేలికో! డాక్టరు మాస్కు కట్టుకుంటాడు, గాయంలో ఫోర్సెప్స్ పెడతాడు, తూటా ట్రేలో ఠంగుమని పడుతుంది. బయట హీరో తల్లి దేవుడికి దండం పెట్టుకుంటుంది. తూటా తగిలిన చోటే ఉంటుందన్నది సినిమావాళ్ల ధీమా.

మా అమ్మమ్మ లెక్క వేరు. కుట్టుమిషను దగ్గర సూది జారిందంటే గదంతా వెతికించేది. ‘‘కాల్లో విరిగితే రక్తంలో పడి గుండెకు పోతుందే’’ అనేది. ఆ భయం ఉత్తదేం కాదని ఓ ఫీచర్ కోసం వైద్య వ్యాసాలు తిరగేస్తుంటే అర్థమైంది.

1834లో ఇంగ్లండు వైద్యుడు థామస్ డేవిస్ ఓ పదేళ్ల పిల్లాడి గురించి రాశాడు. వాడు సొంతంగా చేసుకున్న తుపాకీ పేలి, చెక్కముక్క ఛాతీలో దూసుకుపోయింది. ఐదు వారాలు బతికాడు. చనిపోయాక చూస్తే ఆ ముక్క గుండె కుడివైపు గదిలో ఉంది!

తూటాలూ అంతే. వేగం తగ్గిన చిన్న తూటా రక్తనాళం గోడను చీల్చి లోపలే ఆగిపోతే, రక్తం దాన్ని మోసుకుపోతుంది. సిరలో పడితే గుండె కుడివైపుకు, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు. ధమనిలో పడితే చాలాసార్లు కాళ్లకు. దెబ్బ పొట్టలో తగిలితే, కాలు చల్లబడి నాడి అందదు.

ఇది అరుదే. వియత్నాం యుద్ధంలో రక్తనాళాలు దెబ్బతిన్న సుమారు 7,500 మందిలో ఇలా జరిగింది 22 మందికే. అరుదు కాబట్టే ఎవరికీ చప్పున తట్టదు. అందుకే డాక్టర్లు లెక్క చూస్తారు. లోపలికెళ్లిన గాయాలెన్ని, బయటికొచ్చినవెన్ని, ఎక్స్‌రేలో కనిపించే తూటాలెన్ని? తేడా వస్తే ఒళ్లంతా వెతకాల్సిందే. దొరికినా సరే, కత్తి పెట్టే ముందు మళ్లీ ఓ ఎక్స్‌రే. నిన్న ఉన్న చోట ఇవాళ ఉండాలని లేదుగా!

‘కాల్పుల్లో ఒకరికి గాయాలు. ప్రాణాపాయం లేదు’... ఇలాంటి వార్తలు డెస్కుకు వస్తూనే ఉంటాయి. రెండు ముక్కల్లో అయిపోతాయి. ఈమధ్య అలాంటిది కనిపిస్తే మాత్రం రిపోర్టరుకు ఫోన్ చేసి అడుగుతున్నాను... ‘‘తూటా తీశారా? ఎక్కడ దొరికిందట?’’