రాతిమిద్దె ఇచ్చే చల్లదనం

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే, చూస్తున్నంతసేపూ ఎండ సంగతి గుర్తురాదు. మాచర్ల దారి పట్టగానే తెలిసొస్తుంది. మండే ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్నది ఈ పల్నాట్లోనే మరి!

ఆ చుట్టుపక్కల ఊళ్లో ఒక ఇల్లు. తాతల నాటి రాతిమిద్దె. రెండడుగుల మందం గోడలు. దూలాల మీద దంతెలు, వాటిపైన నాపరాళ్లు, ఆపైన మట్టి. కిందటేడు వానలకు నడిమింట్లో మంచం పక్కనే ఉరిసింది. వేసవిలో పట్నం నుంచి వచ్చిన కొడుకు పట్టుబట్టాడు.

‘ఇంకా ఎన్నాళ్లు నాన్నా? పడగొట్టి స్లాబు వేయిద్దాం. ఏసీ పెడితే పిల్లలు సెలవులకొచ్చి నాలుగు రోజులుంటారు.’

పెద్దాయన కాదనలేదు. ‘ఈ రాత్రికి వెనక గదిలో పడుకో అబ్బాయ్. పొద్దున మాట్లాడుకుందాం’ అన్నారంతే.

వెనక గదిది సిమెంటు స్లాబు. అర్ధరాత్రి దాటినా పైకప్పు సెగలు కక్కుతూనే ఉంది. ఫ్యాను తిప్పేదీ ఆ వేడిగాలినే. రెండింటికి కొడుకు చాప చంకన పెట్టుకుని మిద్దెలోకి వచ్చేశాడు.

ఇందులో మాయ లేదు. మందపాటి రాయి, మట్టి మెల్లగా వేడెక్కుతాయి. పగటి ఎండ గోడదాటి లోపలికి చేరేసరికి పొద్దుగూకుతుంది. అప్పుడు కిటికీలు తెరిస్తే రాత్రిగాలికి గోడలు చల్లబడి మర్నాటికి సిద్ధమవుతాయి. పలచటి స్లాబుకు అంత ఓపిక ఉండదు. మంచుకొండల లద్దాఖ్‌లోనూ సూత్రం ఇదే. అక్కడి మందపాటి మట్టిగోడలు పగటి ఎండను దాచుకుని రాత్రి చలిని కాచుకుంటాయి. వేడిని బయట ఉంచాలన్నా లోపల దాచాలన్నా కావలసింది బరువైన గోడే!

అలాగని పాత ఇంటిని దేవుడి మీద భారం వేసి వదిలేయకూడదు. ముందు దూలాలకు చెద పట్టిందేమో తెలిసిన ఇంజినీరుకు చూపించాలి. ఏళ్ల తరబడి పోసిన మట్టి బరువు తగ్గించి, నీరు నిలవకుండా వాలు సరిచేయాలి. పైన తెల్లసున్నం కొట్టిస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన చల్లని పైకప్పుల విధానం చెప్పేదీ ఇదే. మూసేసిన గవాక్షాలు తెరిస్తే వేడిగాలి పైనుంచి పోతుంది. చాలామంది పొరబడేది గోడల దగ్గరే. సున్నం, మట్టి కలిపి కట్టిన పాత గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ గుల్లబారుతుంది. సున్నం పూతైతే చెమ్మను వదిలేస్తుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలున్న గడ్డమీద సున్నానికి కరువా? దొరకనిది సున్నం పనితెలిసిన మేస్త్రీలే!

పాత రాళ్ల విలువ ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పాలా? సాగర్ జలాశయంలో మునగబోతున్న నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని ఎత్తిపోతలకు చేరువలోనే ఉన్న అనుపులో తిరిగి నిలబెట్టారు. నాటి ఇక్ష్వాకుల శిల్పులు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతినే.

పొద్దున తండ్రీకొడుకులు మళ్లీ కూర్చున్నారు. పడగొట్టే మాట రాలేదు. వానలు రాకముందే పైకప్పు బాగు చేయించాలనుకున్నారు. ఏసీ కోసం దాచిన డబ్బులు అందుకే. ఖర్చు తక్కువేమీ కాదు. పుచ్చిన రెండు దూలాలు మార్చాల్సిందే. అయినా ఆ డబ్బు ఒక్కసారి పెడితే సరిపోతుంది. కరెంటు బిల్లు మాత్రం ప్రతి వేసవికీ వస్తుంది.

‘మరి వెనక గది?’ అడిగాడు కొడుకు.

‘దానికీ తెల్లసున్నం కొట్టించరా’ అన్నారు పెద్దాయన.