కిడ్నీల రాయి, కడుపుల ముచ్చట

హుస్నాబాద్,
మే 20

బావా,

దుబాయి నుంచి నువ్వు పంపిన స్కానింగ్ రిపోర్టు చూసిన. ఎడమ మూత్రనాళంల 6 మి.మీ. రాయి. నొప్పి మీదున్నోనికి ఫోన్ల ఇవన్ని చెప్పలేక ఉత్తరం రాస్తున్న. గ్యాసే అనుకుని ఇన్నొద్దులు గోళీలు మింగినవని చెల్లె చెప్పింది. మన దిక్కు కడుపుల ఏ మూల నొచ్చినా గ్యాస్ అనుడు అలవాటైపోయింది. నడుము పక్కన లేచి గజ్జలదాకా దిగే నొప్పి, కూసోనియ్యక పండుకోనియ్యక తిప్పలు పెట్టే నొప్పి గ్యాస్ నొప్పి కాదు బావా.

అది అలలు అలలుగ ఎందుకు వస్తదో చెప్తా. మూత్రనాళం 25 నుంచి 30 సెం.మీ. పొడుగుండే సన్నటి గొట్టం. మూత్రం దాంట్ల ఊరికె జారి పడదు, గోడల్ల ఉన్న కండరం పిసుక్కుంట కిందికి తోస్తది. గొంతు దిగిన అన్నం ముద్ద పొట్టలకు పోయేది గూడ ఇసొంటి కదలికతోనే. రాయి అడ్డం పడితే నాళం ఇంకింత గట్టిగ పిసుకుతది, వెనక కిడ్నీల మూత్రం నిలిచి ఒత్తిడి పెరుగుతది. ప్రాణం పోయినట్టయ్యేది అప్పుడే.

రాయి ఉన్నది మూత్రనాళంల గని, దాని పుట్టుక సగం పేగులల్లనే ఉంటది. మనం తాగే నీళ్లు, ఉమ్మి, పొట్టల ఊరే రసం, పైత్యరసం, క్లోమరసం అన్ని కలిస్తే రోజుకు 8, 9 లీటర్ల దాకా పేగులల్లకు పోతయి. చిన్నపేగు, దాని తర్వాత పెద్దపేగు కలిసి దాంట్ల దాదాపు అంతా రక్తంలకు గుంజుకుంటయి. మలంతోని బయటికి పోయేది ఒకటి, రెండు వందల మిల్లీలీటర్లే. ఆ నీళ్లతోని తిండిల ఉప్పు, కాల్షియం, ఆగ్జలేట్ గూడ రక్తంలకు వస్తయి. కూరగాయలల్ల, పల్లీలల్ల, చాయ్‌ల ఆగ్జలేట్ ఉంటది. పాలకూరల మస్తు ఉంటది. మాంసం, పప్పు అరిగినంక మిగిలే నత్రజనిని కాలేయం యూరియాగ మార్చి రక్తంల వదుల్తది. ఇదంత కిడ్నీల మీద పడాల్సిందే.

ఇక్కడ మనోళ్లు చేసే తప్పు ఒకటున్నది. రాయి అనంగనే పాలు బంద్, పెరుగు బంద్ అంటరు. అది ఉల్టా పని. పాలకూర పప్పుతోని పెరుగు తింటే, పెరుగుల కాల్షియం పేగులల్లనే ఆగ్జలేట్‌ను పట్టుకుంటది. రెండూ కలిసి మలంల పోతయి, రక్తం దాకా రానే రావు. పెరుగు మానేస్తే ఆ ఆగ్జలేట్ ఒంటరిగ రక్తంలకెక్కి, కిడ్నీలకు పోయి, అక్కడ కాల్షియంతోని జతకడ్తది. టమాట గింజలు పోయి రాళ్లయితయి అనేది గూడ ఉత్తదే. గింజ పేగు గోడ దాటి రక్తంలకు పోదు. తగ్గించాల్సింది ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మూత్రంల కాల్షియం పెరుగుతది. చెల్లె పంపిన మామిడి తొక్కు రోజూ మూడు పూటలా తింటున్నవు గదా, జర తగ్గించు.

మా ల్యాబ్‌కు ఎండకాలంల వచ్చే శాంపిళ్లను చూస్తే నాకు భయమైతది. మొన్న ఒకటి వచ్చింది, ముదురు తేనె రంగు. సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి, అడుగుకు దిగిన మడ్డి చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోపుల చూస్తే, నిండ చిన్న చిన్న చదరాలు, నడుమ ఇంటూ గుర్తు. అచ్చం ఉత్తరం కవరు వెనక మడతల లెక్క. అవే కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలు. అవి కనవడంగనే రాయి ఉన్నట్టు కాదు. కని నీళ్లు తగ్గి మూత్రం చిక్కగైతే అవి పేరుకునేటందుకు సందు దొరుకుతది.

ఒక్కో కిడ్నీల సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటయి. రెండు కిడ్నీలు కలిసి రోజుకు 180 లీటర్లు వడగట్టి, లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగతదంత మళ్ల రక్తంలకే పంపిస్తయి. నువ్వు ఎండల పని చేస్తుంటే నీళ్లు చెమటల పోతయి. అప్పుడు మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదుల్తది, కిడ్నీలు ఇంకిన్ని నీళ్లు ఆపుకుంటయి. ఎంత ఆపుకున్నా చెత్త బయటికి పంపేటందుకు రోజుకు అర లీటరు మూత్రమన్న కావాలె. అంత చిక్కటి మూత్రంలనే రాళ్లు పుడ్తయి. ఒంటికి పోయేటందుకు దూరం నడవాలని నీళ్లే తాగుతలేనన్నవు. ఆ మాట నాకు నిద్ర పట్టనియ్యలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంల, కవిటి, సోంపేట దిక్కు కిడ్నీలు ఎందుకు చెడుతున్నయో ఏండ్లకేండ్లు వెతికినా ఇదే కారణమని ఇంకా తేలలేదు. ఎండల కష్టం, తక్కువ నీళ్లు, నొప్పి గోళీలు, అన్నిటి మీద అనుమానం ఉన్నది. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు కూలీలకు గూడ ఇసొంటి రోగమే. అది రాళ్ల రోగం కాదు, వేరే. అయినా ఒళ్లెండవెట్టుకునుడు కిడ్నీలకు ఎట్లైనా చేటే. నొప్పి గోళీలు గూడ అంతే. ఒంట్ల నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేటట్టు చూసే ఏర్పాటు ఒకటుంటది, ఆ గోళీలు దాన్నే అడ్డుకుంటయి. డాక్టర్ రాసినన్నే వేసుకో, దుకాణంల అడిగి కొనకు.

6 మి.మీ. రాళ్లల్ల సగం దాకా వాటంతటవే పడిపోతయి, దిగులు పెట్టుకోకు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు నీళ్లు తాగు. ఆ ఎండల దానికి ఎంత తాగాలెనో రంగే చెప్తది, గడ్డి రంగుకు రావాలె. నిమ్మకాయ నీళ్లు ఉప్పు లేకుంట తాగు, నిమ్మల ఉండే సిట్రేట్ స్ఫటికాలను పెరగనియ్యదు. దుబాయిల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఎండల పని చేయించొద్దని చట్టమే ఉన్నది. ఆ పూట నీడకు పోయి నీళ్లు తాగు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, వాంతులై నీళ్లు నిలవకపోయినా తెల్లారెదాకా చూడకు, డ్యూటీ అని ఆగకు, అప్పటికప్పుడు దవాఖానకు పో. మళ్ల స్కానింగ్ తీసినంక రిపోర్టు నాకు పంపు.

నీ దోస్తు